స్టెప్నీకీ వయసొస్తుంది

ప్రశ్న: మా నాన్నగారు వాడిన కారు ఇప్పుడు నేను నడుపుతున్నాను. పంతొమ్మిదేళ్ళ బండి, ఇంజను ఇంకా చక్కగా ఉంది. పోయిన నెల ఒక రాత్రి ఇంటిల్లిపాదీ వెళ్తుంటే ముందు ఎడమ టైరు పంక్చరయింది. డిక్కీలో మ్యాట్ ఎత్తి చూస్తే స్టెప్నీ గుంటలో నీళ్ళు. స్టెప్నీని బిగించిన బోల్టు తుప్పు పట్టి ఎంతకీ తిరగలేదు. అరగంట కుస్తీ పట్టి తీస్తే అందులో గాలి లేదు. ఈలోగా మా తమ్ముడు చక్రం నట్లు విప్పబోతే మూడు వదులయ్యాయి. నాలుగోది కదల్లేదు సరికదా, పానా జారి దాని మూలలు అరిగిపోయాయి. చివరికి బండిని లాగించుకుని వచ్చాం. తర్వాత చక్రం విప్పకుండానే పైనుంచి పంక్చర్ వేయించాను. ఆ నట్టు ఇంకా అలాగే ఉంది. ఇది కాక వెనక ఎడమ టైరులో వారానికోసారి గాలి కొట్టించాల్సి వస్తోంది. మూడుసార్లు చూపించాను. మేకు ఏదీ లేదు, ట్యూబు వేసేద్దాం అంటున్నారు. టైర్ల గ్రిప్పు మాత్రం బాగానే ఉంది, బండి పెద్దగా తిరగదు. ట్యూబు వేయించుకోవచ్చా? టైర్లు మార్చాలా? మారిస్తే స్టెప్నీ కూడా కొత్తది కొనాలా?

జవాబు: పంక్చర్ కొత్త కారుకైనా అవుతుందండీ. ఆ రాత్రి మిమ్మల్ని రోడ్డు మీద నిలబెట్టినవి ఒక బోల్టు, ఒక నట్టు, గాలి లేని స్టెప్నీ. పాత బళ్ళలో టైరు బాధలు చాలావరకు ఇలాగే టైరు చుట్టూ ఉన్నవాటితో వస్తాయి. అందుకని మీ ప్రశ్నలకు వెనక నుంచి జవాబు చెప్పుకొస్తాను. ముందు నట్టు, తర్వాత స్టెప్నీ, ఆ తర్వాతే ట్యూబు, టైర్లు.

ఆ మూలలు అరిగిన నట్టును ఈ వారంలోనే తీయించండి. ఇంట్లో సుత్తితో, ఉలితో ప్రయత్నించకండి, నట్టు ఎక్కే మరల కడ్డీ, అంటే స్టడ్డు కూడా విరుగుతుంది. మెకానిక్ దగ్గర లోపల మెలి గాళ్ళున్న ప్రత్యేకమైన సాకెట్లు ఉంటాయి. అరిగిన నట్టు మీద దాన్ని కొట్టి కూర్చోబెట్టి తిప్పితే, తిప్పినకొద్దీ ఇంకా బిగువుగా పట్టుకుని నట్టును బయటికి తెస్తుంది. అది లేకపోతే కాస్త చిన్న సైజు ఆరు మూలల సాకెట్టును సుత్తితో దించుతారు. అంతకుముందు రోజు సాయంత్రమే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచితే పని తేలికవుతుంది. నట్టు వచ్చాక స్టడ్డు మరలు చూడమనండి. మరలు చెడిపోయుంటే స్టడ్డు కూడా మార్చాలి. పనిలో పనిగా నాలుగు చక్రాల నట్లూ ఒక్కొక్కటిగా విప్పించి, తుప్పు తిన్నవి మార్చేయండి.

అసలు నట్టు అంతగా ఎందుకు బిగిసిపోయింది? తుప్పు సగం కారణం. మిగతా సగం ఎయిర్ గన్. టైరు పని చేసేచోట గన్‌తో టకటకమని బిగించేస్తారు, ఆ బిగువును కారుతో వచ్చిన పొట్టి పానాతో విప్పడం ఎవరి తరమూ కాదు. చిన్న కార్లకు నట్టు బిగువు మామూలుగా 80 నుంచి 110 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. మీ బండికి సరిగ్గా ఎంతో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. చేత్తో బిగించేటప్పుడు పానా మీద నిలబడేవాళ్ళను చూశాను. 70 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల పానా చివర నిలబడితే ఆ బిగువు 200 న్యూటన్ మీటర్లు దాటిపోతుంది. అంటే అవసరమైన దానికి రెట్టింపు. విప్పడానికి ఒంటి బరువు వాడినా ఫర్వాలేదు, బిగించడానికి వద్దు. కూడిక గుర్తులా ఉండే నాలుగు చేతుల పానా ఒకటి కొని డిక్కీలో పడేయండి. రెండు చేతులా పట్టుకుని తిప్పొచ్చు, జారదు.

స్టడ్లకు నూనె గానీ గ్రీజు గానీ పూయొద్దు. ఇది చెబితే చాలామంది నమ్మరు. తడి మరల మీద రాపిడి తగ్గుతుంది, మనం ఎప్పటిలాగే బిగించాం అనుకుంటాం, స్టడ్డు మాత్రం సాగేంతగా బిగుస్తుంది. వైరు బ్రష్‌తో తుప్పు దులిపి, పొడిగా వదిలేస్తే చాలు. నట్టుకు ఏటవాలుగా ఉన్న వైపు రిమ్ము వైపుకు రావాలి. ఒకసారి నా బండికి ఒక నట్టు తిరగేసి బిగించి పంపారు. రెండు వారాలు టకటక చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియక సస్పెన్షన్ అంతా వెతికాను. ఎదురెదురు నట్లను వరసగా కాస్త కాస్త బిగించుకుంటూ రావాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి బిగువు చూసుకోవాలి.

ఇక స్టెప్నీ. మొదట్లో కార్లకు అదనపు చక్రం ఇచ్చేవాళ్ళే కాదు. 1904లో వేల్స్ దేశంలోని లానెల్లీ అనే ఊళ్ళో డేవిస్ సోదరులు ఊచలు లేని రిమ్ముకు గాలి నింపిన టైరు తొడిగి, పంక్చరైన చక్రం పక్కనే బిగించుకునేలా ఒకటి తయారుచేశారు. వాళ్ళ పని స్టెప్నీ వీధిలో జరిగేది కాబట్టి దానికి ఆ వీధి పేరే పెట్టారు. ఆ వస్తువు ఎప్పుడో మాయమైపోయింది, పేరు మాత్రం మన నోళ్ళలో మిగిలింది.

మీ స్టెప్నీ గుంటలో నీళ్ళు వచ్చాయంటే డిక్కీ ఎక్కడో కారుతోంది. పాత కార్లలో ముందు అనుమానించాల్సింది వెనక లైట్ల వెనకున్న రబ్బరు, తర్వాత డిక్కీ తలుపు చుట్టూ ఉండే రబ్బరు. వెనక సీటు మడిచి, మీ తమ్ముణ్ణి టార్చితో లోపల కూర్చోబెట్టి, మీరు బయటినుంచి పైపుతో నీళ్ళు పోయండి. ఆ రాత్రి నట్టు అరగదీసినందుకు ఆ మాత్రం పని చెప్పొచ్చు. కారే చోటు కనిపించాక రబ్బరు మార్చండి. గుంట అడుగున రబ్బరు మూత ఒకటి ఉంటుంది, అది తీసి నీళ్ళు వదిలి, ఆరబెట్టి, తుప్పు గీకి రంగు వేయించండి. స్టెప్నీని పట్టి ఉంచే బోల్టును బాగుచేసి, దానికి మాత్రం గ్రీజు రాయండి. ఇక్కడ బిగువు లెక్క లేదు, తుప్పు పట్టకపోతే చాలు. కొన్ని బళ్ళలో స్టెప్నీ కింద వేలాడుతుంది. అలాంటివాళ్ళు ఏడాదికి రెండుసార్లయినా దాన్ని దించి ఎక్కించాలి. బురద, నీళ్ళు తగిలి ఆ తీగ, కొక్కెం ఎప్పుడు బిగుసుకుపోతాయో తెలియదు.

గాలి సంగతి. ఏ లీకూ లేని టైరులోంచి కూడా నెలకు సుమారు 1 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి రబ్బరు గుండానే బయటికి పోతుంది. మూడేళ్ళుగా ముట్టుకోని స్టెప్నీ ఖాళీగా ఉండడంలో వింతేమీ లేదు. మీది మిగతా వాటితో సమానమైన సైజు చక్రమే అయితే, డ్రైవర్ తలుపు పక్కన అంటించిన పట్టీలో చెప్పిన దానికంటే 3 నుంచి 5 పీఎస్ఐ ఎక్కువ కొట్టించి ఉంచండి. అవసరమైన రోజు తగ్గించుకోవడం తేలిక, నింపుకోవడమే కష్టం. ఐదో చక్రం సన్నగా, తాత్కాలికానికి అన్నట్టు ఉంటే లెక్క వేరు. అలాంటివాటికి మామూలుగా 60 పీఎస్ఐ దాకా గాలి, గంటకు 80 కిలోమీటర్లకు మించని వేగం. రెండూ దాని మీదే రాసి ఉంటాయి.

మామూలు టైర్లకు గాలి కొలిచేది బండి చల్లగా ఉన్నప్పుడే. కనీసం మూడు గంటలు ఆగి ఉండాలి, లేదా రెండు కిలోమీటర్లకు మించి తిరిగి ఉండకూడదు. వేడి మీద నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసేస్తే చల్లారాక తక్కువైపోతుంది. టైరు పక్కన గరిష్ఠం అని రాసిన అంకె మీ బండికి కొట్టాల్సిన గాలి కాదు, ఆ టైరు తట్టుకోగల హద్దు.

ఇప్పుడు మీ వెనక టైరు. మేకు లేకుండా వారానికోసారి గాలి దిగుతోందంటే నాకు రెండే అనుమానాలు. ఒకటి వాల్వు. మీ నాన్నగారి కాలంలో వేసిన రబ్బరు వాల్వే ఇంకా ఉంటే దాని మొదట్లో పగుళ్ళు ఉంటాయి. పక్కకి వంచి చూడండి, గీతలు తెరుచుకుంటాయి. వాల్వు లోపలి పిన్ను వదులైనా, దాంట్లో దుమ్ము పడ్డా లీకవుతుంది. అందుకే పైన మూత ఎప్పుడూ ఉండాలి. రెండోది రిమ్ము. టైరు అంచు రిమ్ముకు ఆనుకునే చోట తుప్పు పొరలుగా లేస్తుంది, ఆ పొరల సందుల్లోంచి గాలి జారుతుంది. ఇనుప రిమ్ముల్లో ఇది చాలా మామూలు. అల్లాయ్ రిమ్ముల్లో తెల్లటి పొడిలా వస్తుంది. గుంటలో పడి రిమ్ము అంచు కాస్త వంగినా ఇదే కథ.

పంక్చర్ వేసేవాళ్ళు మామూలుగా రోడ్డు తాకే భాగం మీద నీళ్ళు చల్లి చూసి, బుడగలు రాకపోతే ఏమీ లేదంటారు. మీరు చక్రాన్ని విప్పించి, గాలి నిండుగా కొట్టించి, నీళ్ళ తొట్టిలో పూర్తిగా ముంచమనండి. తొట్టి లేకపోతే సబ్బు నురగ రెండు వైపులా అంచు చుట్టూ, వాల్వు చుట్టూ పట్టించండి. వెంటనే పెద్ద బుడగలు రావు. ఐదు నిమిషాలు ఓపిక పడితే ఆవగింజలంత బుడగలు ఒకదాని వెనక ఒకటి పుడతాయి. అక్కడే జబ్బు. టైరు దించి, అంచు కూర్చునే చోటంతా వైరు బ్రష్‌తో గీకి, నున్నగా చేసి, తుప్పు ఆపే రంగు వేసి ఆరనిచ్చి, అంచుకు సీలెంట్ రాసి, కొత్త వాల్వుతో మళ్ళీ ఎక్కించాలి. టైరు దించిన ప్రతిసారీ వాల్వు మార్చేయమనడం మంచి అలవాటు. పాత వాల్వు మిగిల్చి ఆదా చేసేదేమీ లేదు.

ట్యూబు వద్దు. ట్యూబ్‌లెస్ టైరు లోపలి గోడ ట్యూబుకు అనువుగా నున్నగా ఉండదు. చక్రం తిరిగేకొద్దీ ట్యూబు లోపల ఒరుసుకుంటుంది, వేడెక్కుతుంది. ట్యూబ్‌లెస్‌కు మేకు దిగితే గాలి మెల్లగా దిగుతుంది, బండి ఆపుకునే సమయం దొరుకుతుంది. ట్యూబు చిరిగితే ఒక్కసారిగా పోతుంది. పైగా రిమ్ములో తుప్పు లోపల అలాగే పెరుగుతూ ఉంటుంది, మీకు కనిపించదు. ట్యూబు తప్పనిసరయ్యేది ఊచల చక్రాలకు, ట్యూబు టైర్ల కోసమే చేసిన మరీ పాత రిమ్ములకు. ట్యూబ్‌లెస్ రిమ్ములో టైరు అంచును జారకుండా పట్టి ఉంచే చిన్న గట్టు ఉంటుంది, టైరు దించినప్పుడు మెకానిక్‌ను చూపించమనండి. మీ కారు వయసుకు అది ఉండే అవకాశమే ఎక్కువ.

ముందు టైరుకు పైనుంచి వేసిన పంక్చర్‌ను కూడా నమ్ముకోకండి. నట్టు వచ్చాక ఆ టైరు దించి లోపల చూడాలి. గాలి లేకుండా కాస్త దూరం దొర్లినా పక్క గోడ లోపల నలిగి రబ్బరు పొడి రాలుతుంది. పొడి కనిపిస్తే ఆ టైరు పని అయిపోయినట్టే. బాగుంటే లోపలి నుంచి ప్యాచ్ వేయించండి, రంధ్రంలోకి దిగే కాడతో కలిసి వచ్చేదైతే మరీ మంచిది. రంధ్రం 6 మిల్లీమీటర్లకు మించినా, పక్క గోడలో గానీ అంచు భుజం మీద గానీ ఉన్నా ఎవరు వేస్తామన్నా ఒప్పుకోకండి. పక్కన కోడిగుడ్డంత ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగాయని అర్థం. దానికి రిపేరు లేదు.

గ్రిప్పు బాగుంది అన్నారు. నాకు టెన్షన్ పెట్టిన మాట అదే. పెద్దగా తిరగని బండిలో టైరు అరగదు, ముసలిదవుతుంది. రబ్బరును ఎండ, గాలిలోని ఓజోన్ పగలగొట్టకుండా దాంట్లో మైనం లాంటి పదార్థాలు కలుపుతారు. టైరు తిరుగుతూ ఒంగి లేస్తుంటే అవి పైకి వస్తుంటాయి. నిలబెట్టిన బండి టైరుకు ఆ రక్షణ సరిగా అందదు, పక్క గోడల మీద పగుళ్ళు తొందరగా వస్తాయి. వయసు తెలుసుకోవడం తేలికే. టైరు పక్కన DOT అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 3512 అని ఉంటే 2012లో 35వ వారంలో తయారైందని. మూడే అంకెలుంటే అది 2000కు ముందుది, ఇంకేమీ ఆలోచించకండి. బయటి వైపు ఈ అంకెలు లేకపోతే లోపలి వైపు ఉంటాయి, టార్చి వేసి చూడాలి. చాలా కార్ల కంపెనీలు ఆరేళ్ళు దాటితే మార్చమంటాయి. టైర్ల కంపెనీలు సాధారణంగా పదేళ్ళు ఆఖరి గడువంటాయి, స్టెప్నీని కూడా కలిపే. నా పద్ధతి చెప్పమంటే, ఆరేళ్ళ తర్వాత ఏటా విప్పించి చూపిస్తాను, ఎనిమిదేళ్ళు దాటితే గ్రిప్పు ఎంతున్నా పెద్ద రోడ్డు ఎక్కించను. మీ స్టెప్నీ బండితో పాటు వచ్చిందే అయ్యుంటుందని నా అనుమానం. అలాగైతే దానికి పంతొమ్మిదేళ్ళు. ఆ రాత్రి అందులో గాలి లేకపోవడం ఒకరకంగా మంచిదే అయింది.

గ్రిప్పు కొలత కూడా చెప్పేస్తాను. గాళ్ళ మధ్యలో అడ్డంగా చిన్న దిమ్మలు ఉంటాయి, 1.6 మిల్లీమీటర్ల ఎత్తు. అరుగుదల అక్కడిదాకా వస్తే టైరు అయిపోయినట్టు. వాన కాలంలో అంతకంటే ముందే మార్చడం మేలు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, మధ్యలో అరిగితే ఎక్కువ, ఒక్క వైపే అరిగితే అలైన్‌మెంట్, అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్సార్బర్లు చూపించాలి.

ఇక కొనడం. నాలుగూ మార్చగలిగితే ఐదూ మార్చండి అని చెప్పడం తేలిక, డబ్బు పెట్టేది మీరు. తేదీలు చూశాక రెండే మార్చేట్టయితే కొత్తవి వెనక వేయించండి. ముందు వేయమని షాపులో గొడవ పెడతారు, ఇంజను ముందు లాగుతుంది కదా అంటారు. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే అదుపులోకి వస్తుంది. వెనకవి జారితే బండి గిర్రున తిరుగుతుంది, అలవాటు లేనివాళ్ళు ఆపలేరు.

స్టెప్నీకి ఇప్పుడున్న టైర్లలో తేదీ ప్రకారం చిన్నది, ఆరేళ్ళు దాటనిది దొరికితే అది పెట్టుకోండి, కొత్తది అక్కర్లేదు. అలాంటిది లేకపోతే కొనాల్సిందే. సైజు మాత్రం మిగతా వాటితో సమానంగా ఉండాలి. పాత కార్లలో ఏది దొరికితే అది పెట్టేస్తుంటారు. ఉదాహరణకు 155/80 ఆర్13 టైరు వ్యాసం 578 మిల్లీమీటర్లు, 165/65 ఆర్13 టైరుది 545. రెండూ 13 అంగుళాల రిమ్ముకే కూర్చుంటాయి. చిన్నది మాత్రం ప్రతి కిలోమీటరుకు ఆరు శాతం ఎక్కువసార్లు తిరగాలి. లాగే చక్రాల జతలో దాన్ని ఒక పక్కన పెడితే రెండు పక్కల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ గేర్లు దారి పొడుగునా ఆ తేడాను సర్దుతూనే ఉంటాయి. సైజు పక్కనే 79టి లాంటిది ఉంటుంది. 79 అంటే ఒక్కో టైరు 437 కిలోలు మోయగలదని, టి అంటే గంటకు 190 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని. మోసే అంకె కంపెనీ ఇచ్చినదానికంటే తగ్గకూడదు.

ఇవన్నీ అయ్యాక ఒక ఆదివారం పొద్దున్న, గట్టి నేల మీద, మీరూ మీ తమ్ముడూ కలిసి ఒక చక్రం విప్పి స్టెప్నీ ఎక్కించండి. బయటి పనిముట్లు వాడొద్దు, డిక్కీలో ఉన్నవే వాడాలి. హ్యాండ్ బ్రేక్ వేసి, బండిని గేరులో పెట్టి, విప్పే చక్రానికి ఐమూలగా ఉన్న చక్రానికి రెండు వైపులా రాళ్ళు పెట్టండి. చాలా కార్లలో హ్యాండ్ బ్రేక్ వెనక చక్రాలకే పడుతుంది, వెనక చక్రం లేపేటప్పుడు దాన్ని ఒక్కదాన్నే నమ్మితే ప్రమాదం. నట్లు నేల మీద ఉండగానే సగం చుట్టు వదులు చేయాలి. జాకీ పెట్టే చోట అడుగు రేకును ముందు స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. పంతొమ్మిదేళ్ళ బండి కదా, అక్కడ తుప్పు ఉంటే జాకీ రేకులోకి దూసుకుపోతుంది. పొరలు రాలినా, మెత్తగా అనిపించినా మెకానిక్‌కు చూపించేదాకా అక్కడ లేపొద్దు. మెత్తటి నేల కోసం ఒక చెక్క పలక కూడా డిక్కీలో ఉంచండి.

నట్లన్నీ తీసినా చక్రం రాకపోవచ్చు, తుప్పుకు హబ్బుకు, అంటే చక్రాన్ని బిగించే మధ్య భాగానికి అతుక్కుపోతుంది. జాకీ మీద ఉండగా పట్టుకుని ఊపకండి, బండి పడిపోతుంది. నట్లు రెండు మూడు చుట్లు వదులుగా పెట్టి, బండి దించి, రెండడుగులు మెల్లగా ముందుకు పోనిచ్చి బ్రేకు వేస్తే ఊడుతుంది. ఊడాక హబ్బు ముఖం శుభ్రంగా గీకి, మధ్య గుండ్రటి భాగానికి మాత్రం వేలితో పల్చగా గ్రీజు రాయండి.

ఎంతసేపు పట్టిందో చూసుకుని ఉంచండి. నాకు మొదటిసారి 50 నిమిషాలు పట్టింది. అందులో 20 నిమిషాలు జాకీ తిప్పే కడ్డీ ఎక్కడ దాచారో వెతకడానికే.